ఏ గోడకు ఏ అద్దం?

ఇల్లు కట్టేవాళ్లకు సిమెంటు బస్తా ధర నోటికి వచ్చేస్తుంది. ఇనుము టన్ను ఎంతో, ఇసుక లారీ ఎంతో ఠక్కున చెబుతారు. అద్దం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కటే ప్రశ్న... 'అడుగు ఎంత?' నిజానికి మొదట అడగాల్సింది అది కాదు!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వైపు వెళ్తూ కిటికీలోంచి చూడండి. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్... మధ్యలో ఉన్నవి ఈ రెండు స్టేషన్లే. ఆ కాసేపట్లోనే ఎన్ని అద్దాలో! బట్టల దుకాణాలకు తళతళలాడే నిలువెత్తు అద్దాలు. కోచింగ్ సెంటర్లకు నీలం అద్దాలు. బ్యాంకులకు, ఆసుపత్రులకు ఆకుపచ్చ అద్దాలు. లోపలి వీధుల్లోకి వెళ్తే మరో దృశ్యం. కొత్తపేట, సరూర్‌నగర్, నాగోల్, వనస్థలిపురం కాలనీల్లో చిన్న చిన్న టేకు కిటికీలున్న పాత ఇళ్లు పోయి, గోడంత కిటికీలున్న అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరంలో అద్దాల భవనం హోదాకు గుర్తయింది. ఆ మోజు పడమటి నుంచి తూర్పుకీ వచ్చేసింది. అప్పట్లో విడి మున్సిపాలిటీలుగా ఉన్న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం 2007లో జీహెచ్‌ఎంసీలో కలిశాయి. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. రోడ్డు మీది ప్రతి మడిగెకూ ఓ అద్దాల ముఖం కావాల్సి వచ్చింది.

అయితే సైబర్ టవర్స్ లాంటి భవనాలకు అద్దం ఎంచడానికి ఇంజినీర్లు ఉంటారు. రెండు వందల గజాల్లో ఇల్లు కట్టుకునేవారికి ఎవరున్నారు? మేస్త్రీ, కార్పెంటరు, గ్లాసు షాపు. చివరికి నిర్ణయం ఇంటి యజమానిదే. అందుకే కాస్త తెలుసుకుని బజారుకు వెళ్లడం మంచిది.

'చివర్లో చూద్దాంలే' అంటే...

చాలా ఇళ్లలో అద్దాల సంగతి గృహప్రవేశానికి పది రోజుల ముందు గుర్తుకొస్తుంది. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది. దాంతో దొరికిన అద్దమే దిక్కు.

అసలు చిక్కు అది కాదు. అద్దం మందాన్ని బట్టి ఫ్రేము ఉండాలి. నాలుగు ఎంఎం అద్దానికి చేసిన ఫ్రేములో తర్వాత రెండు పొరల అద్దం పట్టదు. రోడ్డు చప్పుడు భరించలేక మార్చుకుందామన్నా ఫ్రేములన్నీ పీకాల్సిందే. కాబట్టి కిటికీలకు ఆర్డరు ఇచ్చే ముందే ఏ గోడకు ఏ అద్దమో తేల్చుకోవాలి. కొనడం చివర్లోనే... నిర్ణయం మాత్రం మొదట్లోనే.

బరువూ ముందే చూసుకోవాలి. చదరపు మీటరు అద్దం ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. అంటే ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పున్న 12 ఎంఎం తలుపు బరువు దాదాపు 58 కిలోలు. దాన్ని మోయలేని చవక ఫ్లోర్ స్ప్రింగ్ వేస్తే తలుపు నేలకు రాసుకుంటుంది, సరిగా మూసుకోదు.

అద్దాల్లో ఎన్ని రకాలు?

పాత ఇళ్ల కిటికీల్లోంచి చూస్తే బయటి చెట్లు అలలు అలలుగా కనిపించేవి. ఆ రోజుల అద్దం అంత నునుపుగా వచ్చేది కాదు. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలనిచ్చి పలకగా తీసే పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది. అదే 'ఫ్లోట్ గ్లాసు'. ఇప్పుడు షాపుల్లో దొరికే సాదా అద్దం ఇదే. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో సెయింట్-గోబెన్ ఫ్యాక్టరీ 2000లో మొదలైంది.

ఈ సాదా అద్దం నుంచే మిగతావన్నీ పుడతాయి.

టఫెన్డ్: సాదా అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, ఒక్కసారిగా చల్లగాలి కొట్టి గట్టిపరుస్తారు. సాదాదానికన్నా నాలుగైదు రెట్లు బలం. పగిలితే కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. ఒక్కసారి టఫెన్ చేశాక దాన్ని కోయడం, రంధ్రం పెట్టడం కుదరదు. కొలత అర అంగుళం తప్పితే ఆ అద్దం వృథా! ప్లాస్టరింగ్ అయి ఫ్రేములు బిగించాకే కొలతలు తీసుకోమనేది అందుకే. తాళానికి, హ్యాండిల్‌కు రంధ్రాలు ఎక్కడో కూడా ముందే చెప్పాలి.

లామినేటెడ్: రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. కారు ముందు అద్దం ఇలాంటిదే. 1903లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఓ గాజు సీసా కింద పడి పగిలినా ముక్కలు విడిపోలేదట. అందులో ఎండిపోయిన రసాయనం పొరలా పట్టి ఉంచింది మరి. ఆ గమనింపే ఈ అద్దానికి దారి చూపింది.

డబుల్ గ్లాసు: రెండు అద్దాల మధ్య ఖాళీ వదిలి, చుట్టూ గాలి చొరబడకుండా మూసేస్తారు.

సోలార్ కంట్రోల్: అద్దానికి కంటికి కనిపించనంత పలుచని లోహపు పూత ఉంటుంది. ఎండ వేడిని కొంత వెనక్కి కొడుతుంది. పూత ఉన్న వైపు ఏదో, దాన్ని ఏ వైపు బిగించాలో షాపులో అడిగి అద్దం మీద రాయించుకోవాలి. కొన్ని రకాల పూతలు గాలి తగిలితే పాడవుతాయి. అలాంటివాటిని డబుల్ గ్లాసు లోపలే వాడతారు.

మనిషి తగిలే చోట రాజీ వద్దు

ఏ అద్దం ఎక్కడ అన్నదానికి మొదటి సూత్రం చాలా తేలిక. అక్కడ మనిషి పడితే, పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి గుద్దుకుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న వేసుకుంటే చాలు.

బాల్కనీ తలుపు, స్నానాల గదిలో అద్దపు తెర, మెట్ల పక్క కిటికీ, నేల దాకా దిగిన కిటికీ, అద్దపు టీపాయ్... ఇక్కడ సాదా అద్దం పనికిరాదు. సాదా అద్దం పగిలితే వచ్చే పెంకులు నరాలు తెగేంత లోతుగా దిగుతాయి. తడి నేల, సబ్బు కలిసిన స్నానాల గదిలో కాలు జారడం ఎంతసేపు! ఇక్కడ టఫెన్డ్ తప్పనిసరి అనుకోండి. వంటింట్లో పొయ్యి వెనక టైల్స్‌కు బదులు రంగు అద్దం పెట్టుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మంట సెగకు సాదా అద్దం చిట్లుతుంది. అదీ టఫెన్డే అయి ఉండాలి.

బాల్కనీ, మెట్ల రెయిలింగ్ సంగతి వేరు. అక్కడ టఫెన్డ్ ఒక్కటే చాలదు. పగిలితే మొత్తం రాలిపోతుంది, అంచు ఖాళీ అవుతుంది. ఆ క్షణంలో దానికి ఆనుకుని ఎవరైనా ఉంటే? కింద వీధిలో ఎవరైనా నడుస్తుంటే? అందుకే రెయిలింగ్‌కు టఫెన్ చేసిన రెండు అద్దాలను లామినేట్ చేసింది వాడాలి. పగిలినా అడ్డు నిలిచే ఉంటుంది.

టఫెన్డ్ అద్దం ఎప్పుడో ఒకసారి ఎవరూ తాకకుండానే ఫట్‌మని పగలొచ్చు. గాజులో ఇరుక్కున్న నికెల్ సల్ఫైడ్ రేణువు దీనికి ఒక కారణం. తయారీలో 'హీట్ సోక్' పరీక్ష చేయిస్తే అలాంటి అద్దాల్లో చాలావరకు ఫ్యాక్టరీలోనే పగిలిపోతాయి. తల మీద ఉండే పందిరి అద్దాలకు, పై అంతస్తుల అద్దాలకు ఈ పరీక్ష అడగాలి.

మరి షాపువాళ్లు ఇచ్చింది నిజంగా టఫెన్డేనా? మూలన చెరగని ముద్ర ఉందేమో చూడండి. భద్రతా అద్దాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2553. ఆ సంఖ్య, ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. ఇంకో చిట్కా... పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని పగటి వెలుగులో చూస్తే టఫెన్డ్ అద్దం మీద మచ్చలు, చారలు కనిపిస్తాయి. సాదా అద్దంలో అవి ఉండవు.

పడమటి ఎండకు పగ్గం

రెండో సూత్రం ఎండది. హైదరాబాద్‌లో వేసవి మధ్యాహ్నం పడమటి గోడకు తగిలే ఎండ అడ్డంగా వస్తుంది. సజ్జ ఎంత పొడుగున్నా దాన్ని పూర్తిగా ఆపలేదు. తూర్పు గోడకు పొద్దున పూట ఇదే పరిస్థితి. దక్షిణం వైపు సూర్యుడు ఎత్తున ఉంటాడు కనుక మంచి సజ్జ చాలు. ఉత్తరం వైపు ఎండ బాధ తక్కువే.

ఓ చిన్న లెక్క చూద్దాం. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న పడమటి కిటికీ అంటే సుమారు 2.2 చదరపు మీటర్లు. సాయంత్రపు ఎండ చదరపు మీటరుకు 600 వాట్లు అనుకుందాం. సాదా అద్దం ఎండ వేడిలో దాదాపు 80 శాతాన్ని లోపలికి పంపుతుంది. అంటే వెయ్యి వాట్ల పైమాటే. గదిలో వెయ్యి వాట్ల హీటరు పెట్టుకున్నట్టు! టన్ను ఏసీ సామర్థ్యం మూడున్నర వేల వాట్లు. అందులో దాదాపు 30 శాతం ఆ ఒక్క కిటికీకే సరి. 40 శాతమే పంపే అద్దం పెడితే ఆ భారం సగమవుతుంది.

షాపులో ఈ శాతాన్ని 'ఎస్‌హెచ్‌జీసీ' అంటారు. 0.8 అంటే 80 శాతం, 0.4 అంటే 40 శాతం. ఈ అంకె ఎంత తక్కువైతే గది అంత చల్లన. దాంతోపాటు 'వీఎల్‌టీ' కూడా అడగండి. అది లోపలికి వచ్చే వెలుతురు శాతం. వేడి ఆపాలని మరీ నల్లటి అద్దం పెడితే పట్టపగలే లైట్లు వేసుకోవాలి. కరెంటు అక్కడ మిగిలింది ఇక్కడ పోతుంది.

డబుల్ గ్లాసు పెడితే వేడి రాదన్నది చాలామంది నమ్మకం. అది సగమే నిజం. మధ్యలోని ఖాళీ, బయటి వేడిగాలి సెగను ఆపుతుంది. నేరుగా పడే ఎండను మాత్రం పెద్దగా ఆపదు. రెండూ సాదా అద్దాలే అయితే ఎండ వేడిలో 70 శాతం దాకా లోపలికి వస్తూనే ఉంటుంది. మన ఊరికి ముందు కావాల్సింది ఎండను తిప్పికొట్టే పూత. రెండు పొరలు ఆ తర్వాతి సంగతి.

డబ్బు లేకపోతే? బయట అడ్డు పెట్టండి. వెదురు చాప, వట్టివేళ్ల తడక, తీగ మొక్క... ఏదైనా సరే, అద్దానికి బయట ఉంటే ఎండ లోపలికి రాకముందే ఆగుతుంది. లోపలి కర్టెన్ దాకా వచ్చిన వేడి అప్పటికే గదిలోకి చేరినట్టే.

చూపు, చప్పుడు

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఎదురింటి కిటికీకీ మనింటి కిటికీకీ మధ్య దూరం కొన్ని అడుగులే. ఎదురుగా హాస్టల్ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. రిఫ్లెక్టివ్ అద్దం పెడితే బయటివాళ్లకు కనిపించదు అనుకుంటారు. పగలు నిజమే. రాత్రి లోపల లైటు వేస్తే కథ తిరగబడుతుంది. వెలుతురు ఎటు ఎక్కువో అటున్నవాళ్లకే అది అద్దంలా మెరుస్తుంది, చీకట్లో ఉన్నవాళ్లకు లోపల అంతా కనిపిస్తుంది. పడకగదికి కర్టెన్ తప్పదు. స్నానాల గదికి గరుకు అద్దమో, డిజైన్ అద్దమో నయం.

జాతీయ రహదారి పక్క, మెట్రో పిల్లర్ల పక్క ఇళ్లకు చప్పుడు మరో బెడద. దీనికి లామినేటెడ్ అద్దం బాగా పనిచేస్తుంది. అయితే సందులుంటే ఎంత మందం అద్దమైనా దండగే. గాలి దూరే చోటల్లా చప్పుడూ దూరుతుంది. జరిపే కిటికీ కన్నా రబ్బరు అంచుతో బిగుతుగా మూసుకునే రెక్కల కిటికీ మేలు. ఇంటి అన్ని కిటికీలకూ అక్కర్లేదు... రోడ్డు వైపు పడకగదికి చాలు.

ఇంతకీ లెక్క ఎంత?

ఒక అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు అనుకుందాం. అయిదడుగులకు నాలుగడుగుల కిటికీలు ఆరు... 120 చదరపు అడుగులు. అందులో పడమట ఉన్నవి రెండు, అంటే 40. స్నానాల గదుల వెంటిలేటర్లు మూడూ కలిపి 9. బాల్కనీ తలుపు 42. రెయిలింగ్ 36. మొత్తం 207 చదరపు అడుగులు.

ఇప్పుడు సాదా అద్దం అడుగు 100 రూపాయలు, టఫెన్డ్, సోలార్ కంట్రోల్ 200 చొప్పున, టఫెన్డ్ లామినేటెడ్ 400 అనుకుందాం. ఇవి బజారు ధరలు కావు, లెక్క సులువుగా ఉండటానికి పెట్టుకున్నవి. మీ కొటేషన్‌లోని అంకెలు ఇక్కడ వేసుకోండి.

అంతా సాదా అద్దమే వేస్తే 20,700. చవకే... కానీ పిల్లలు గుద్దుకునే తలుపూ సాదాదే! అంతా ఖరీదైనదే వేస్తే 82,800. గోడను బట్టి వేస్తే? పడమటి కిటికీలకు 8,000. బాల్కనీ తలుపుకు 8,400. రెయిలింగ్‌కు 14,400. మిగిలిన 89 అడుగులకు సాదా అద్దం 8,900. మొత్తం 39,700. ఖరీదైన దారిలో సగం కూడా కాలేదు. కావాల్సిన చోట రక్షణ వచ్చింది, కావాల్సిన చోట చల్లదనం వచ్చింది. రెయిలింగ్‌కు అద్దం వద్దనుకుని స్టీలు పెట్టుకుంటే ఆ ఖర్చూ తగ్గుతుంది. బడ్జెట్ సరిపోనప్పుడు తగ్గించాల్సింది అద్దం వైశాల్యాన్ని... భద్రతను కాదు.

బిల్లులో దాగిన అంగుళాలు

రేటు తక్కువ చెప్పిన షాపులోనే బిల్లు ఎక్కువ రావచ్చు. ఎలాగంటే... గ్లాసు వ్యాపారంలో కొలతను పైకి సవరించి లెక్కకట్టే అలవాటు ఉంది. కొందరు మూడు అంగుళాలకు సవరిస్తే, కొందరు ఆరు అంగుళాలకు సవరిస్తారు. 31 అంగుళాలకు 44 అంగుళాల అద్దం అసలు వైశాల్యం దాదాపు తొమ్మిదిన్నర చదరపు అడుగులు. మూడు అంగుళాల లెక్కన అది 33కు 45 అయి 10.3 అడుగులవుతుంది. ఆరు అంగుళాల లెక్కన 36కు 48 అయి ఏకంగా 12 అడుగులు! పది కిటికీలకు ఈ తేడా ఎంతో మీరే చూసుకోండి. కిటికీ కొలతలు మొదట్లోనే ఆ అంగుళాలకు సరిపోయేలా పెట్టుకుంటే ఈ నష్టం ఉండదు.

అంచులు నునుపు చేయడం, రంధ్రాలు, రవాణా, పై అంతస్తుకు ఎక్కించడం, బిగింపు, సిలికాన్, హ్యాండిళ్లు, పన్ను... ఇవన్నీ ధరలో ఉన్నాయా, విడిగానా? దారిలో పగిలితే ఎవరిది? బిగించేటప్పుడు పగిలితే ఎవరిది? ఈ జవాబులు కాగితం మీద ఉన్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

అద్దాల మేడలో నిప్పు పుడితే?

ఆఫీసు, షాపింగ్ కాంప్లెక్స్ కట్టేవాళ్లు మరో మెట్టు పైకి ఆలోచించాలి. ముఖ్యంగా దిల్‌సుఖ్‌నగర్‌లో. ఇక్కడి మేడల్లో వందలాది పిల్లలు కోచింగ్ తరగతుల్లో కూర్చుంటారు.

2019 మే 24న గుజరాత్‌లోని సూరత్‌లో తక్షశిల అనే వాణిజ్య భవనానికి మంటలంటుకున్నాయి. పై అంతస్తులో కోచింగ్ తరగతిలో ఉన్న పిల్లలకు దిగే దారి దొరకలేదు. కొందరు పైనుంచి దూకేశారు. 22 మంది విద్యార్థులు చనిపోయారు. ఆ ఘోరానికి అద్దాలే కారణమని కాదు. పై అంతస్తులో పిల్లలున్న ఏ భవనమైనా 'పొగ ఎటు పోతుంది? మనుషులు ఎటు పోతారు?' అని అడగాల్సిందేనని అది చెప్పింది.

తెరుచుకోని అద్దాలతో ముఖమంతా మూసేసిన భవనంలో పొగ బయటికి పోదు. అగ్నిమాపక సిబ్బంది లోపలికి రాలేరు. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి దీని గురించి స్పష్టంగా చెప్పింది. అద్దాల ముఖం ఉన్న భవనాల్లో ప్రతి అంతస్తులోనూ బయటికి తెరుచుకునే పలకలు ఉండాలి. వాటి మధ్య దూరం 10 మీటర్లు మించకూడదు. ఒక్కోటి కనీసం మీటరుకు మీటరు ఉండాలి. నిప్పు పుడితే తెరవాల్సింది ఇదేనని లోపలివైపు రాసి ఉండాలి. స్లాబు అంచుకూ అద్దానికీ మధ్య సందునూ అగ్నిని తట్టుకునే పదార్థంతో మూసెయ్యాలి. లేదంటే కింది అంతస్తు మంట ఆ సందులోంచే పైకి పాకుతుంది.

కట్టేటప్పుడు ఈ పలకల ఖర్చు మొత్తం ముఖం ఖర్చులో చిన్న భాగమే. కట్టేశాక పెట్టించడమే కష్టం. అద్దెకు తీసుకునే కోచింగ్ సెంటర్లు కూడా ముందు ఇవే చూడాలి. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు ఫీజు అడిగినట్టే, 'ఈ అద్దం తెరుచుకుంటుందా?' అని అడగొచ్చు. అది వాళ్ల హక్కు. తెరిచే పలక ముందు ఫ్లెక్సీ బోర్డు కట్టేసి ఉంటే అది ఉన్నా లేనట్టే.

దుకాణాల్లో నిలువెత్తు అద్దాలకు కంటి ఎత్తున రంగు పట్టీలో, పేరో అతికించాలి. అద్దం ఉందని తెలియక గుద్దుకునేవాళ్లు తక్కువేం కాదు.

బిగించాక...

* సున్నం, సిమెంటు నీళ్లు పడితే అద్దానికి పోని మచ్చలు పడతాయి. రంగులు పూర్తయ్యాకే అద్దాలు బిగించండి. లేదా కాగితంతో కప్పండి.
* కొన్న అద్దాలను తడి తగిలే చోట ఒకదానికొకటి ఆనించి ఉంచితే మసక పడతాయి. పొడిగా, నిలువుగా, మధ్యలో కాగితాలు పెట్టి ఉంచాలి.
* బోరు నీళ్ల ఉప్పు స్నానాల గది అద్దాన్ని తెల్లగా మార్చేస్తుంది. స్నానం కాగానే రబ్బరు పట్టీతో నీళ్లు లాగేస్తే చాలు.
* రంగు అద్దాలకు లోపల నల్ల ఫిల్ము అతికించే ముందు షాపులో అడగండి. వేడి పట్టి అద్దం చిట్లవచ్చు.
* పాత ఇంట్లో సాదా అద్దాల తలుపులుంటే, మార్చేదాకా సేఫ్టీ ఫిల్ము వేయించండి. పగిలినా పెంకులు చెదరవు.

బజారుకు వెళ్లే ముందు ఇంటి ప్లాను కాగితం తీసుకోండి. పడమటి కిటికీలకు ఎర్ర గీత గీయండి. పిల్లల చేతికి, తలకు అందే అద్దాలన్నిటికీ సున్నా చుట్టండి. ఆ కాగితం ముందు పెట్టి, అప్పుడు అడగండి... 'అడుగు ఎంత?'